మెదక్‌లో బంతిపూల పెంపకం

బంతి ఆస్టరేసి కుటుంబానికి చెందిన ఒక పూలమొక్క. దీని శాస్త్రీయ నామం టాజెటిస్ ఎరెక్టా. పొద్దుతిరుగుడు, చామంతి, గైలార్డియా, రుడ్బెకియా మొదలైనవి కూడా ఈ కుటుంబంలోనివే. తెలంగాణ రాష్ట్రంలోని మెదక్ పట్టణంలోను, చుట్టుపక్కల గ్రామాలలోను బంతిని ఇంటి పెరళ్ళలో, బావుల వద్ద, కూరగాయల మళ్ళ అంచులలో పెంచుతారు. ఈ మొక్క ఏ నేలలోనైనా బతుకుతుంది, పెద్దగా సేవ కోరదు. అయినప్పటికీ ఈ ప్రాంతంలో దీని పెంపకం కొంత లెక్కతో కూడుకున్న పని. బతుకమ్మ పండుగ తొమ్మిది రోజులలో పూలు చేతికి రావాలి. ఆ పండుగ తేదీ ఏటా మారుతుంది. పండుగకు పదిహేను రోజుల ముందు పూసిన తోట, పండుగ అయిపోయాక పూసిన తోట రెండూ ఇంటివారికి నిరాశనే మిగులుస్తాయి.

పేరు

తెలుగులో ఈ పూవు గుండ్రని ఆకారాన్ని బట్టి బంతి అనే పేరు వచ్చింది. కన్నడంలో చెండు హూవు, హిందీలో గేందా అనే పేర్లకు కూడా అర్థం ఇదే. రేకులు ఒత్తుగా ఉండి ముద్దగా కనిపించే రకాన్ని ముద్దబంతి అంటారు. ఆంగ్లంలో దీనిని ఆఫ్రికన్ మేరీగోల్డ్ అనీ, పొట్టిగా పెరిగే మరొక జాతి టాజెటిస్ పాటులాను ఫ్రెంచ్ మేరీగోల్డ్ అనీ వ్యవహరిస్తారు. ఈ రెండు పేర్లూ తప్పుదారి పట్టించేవే. రెండు జాతుల పుట్టిల్లు ఆఫ్రికా గాని ఫ్రాన్సు గాని కాదు, మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. టాజెటిస్ అనే ప్రజాతి నామాన్ని లిన్నేయస్ 1753లో ప్రచురించిన గ్రంథంలో వాడాడు. ఇది ఎట్రుస్కన్ పురాణాలలోని టాజెస్ అనే దివ్యపురుషుని పేరు నుండి వచ్చినదని చెబుతారు.

మొక్క వర్ణన

బంతి ఏకవార్షిక మొక్క. సాధారణంగా రెండు నుండి నాలుగు అడుగుల ఎత్తు పెరుగుతుంది. ఆకులు ఈకవలె చీలి ఉంటాయి. వాటిపై తైలగ్రంథులు ఉండుటచేత నలిపితే ఘాటైన వాసన వస్తుంది. మేకలు, పశువులు దీని జోలికి అంతగా పోకపోవడానికి ఈ వాసన కొంత కారణం. కంచె లేని పెరడులో కూడా బంతి నిలుస్తుంది.

ఒక పూవుగా కనిపించేది నిజానికి అనేక చిన్న పూల సముదాయం. అంచున రేకులవలె కనిపించేవి స్త్రీ పుష్పాలు. వీటిలో పుప్పొడి ఉండదు. మధ్యలో గొట్టాలవలె ఉండే చిన్న పూలు ద్విలింగ పుష్పాలు. ఒంటిరేకు బంతిలో మధ్యభాగం స్పష్టంగా కనిపిస్తుంది. ముద్దబంతిలో ఈ మధ్య పూలు కూడా చాలావరకు రేకులుగా మారిపోతాయి. చూపులకు ఇది అందమే గాని విత్తనం దగ్గర ఇబ్బంది తెస్తుంది. ఆ సంగతి దిగువన ఉన్నది.

భారతదేశానికి రాక

మెక్సికోలో ఆజ్టెక్ ప్రజలు ఈ పూవును ఔషధంగాను, పూజలలోను వాడేవారు. వారి నాహువాటల్ భాషలో దీనిని సెంపోవాల్షోచిట్ల్ అన్నారు. దీనికి "ఇరవై పూవు" అని అర్థం. అంటే రేకులు అనేకం కలది అని భావం. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీలలో జరిపే మృతుల పండుగలో నేటికీ ఇదే ప్రధాన పుష్పం. స్పెయిన్, పోర్చుగల్ దేశస్థుల ద్వారా ఇది అమెరికా ఖండం దాటింది. భారతదేశానికి 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా వచ్చినదని సాధారణంగా అంగీకరిస్తారు. కనుక తెలుగు ఇంటి గుమ్మానికి బంతి తోరణం కట్టడం అనాదిగా వస్తున్నదనుకోవడం సరికాదు. అయితే ఇంత తక్కువ కాలంలో ఇంతగా ఇంటిదైపోయిన పరదేశీ మొక్క మరొకటి ఉన్నదంటే మిరపే గుర్తుకు వస్తుంది. అది కూడా ఆ దిక్కు నుండి వచ్చినదే.

బతుకమ్మలో బంతి స్థానం

బతుకమ్మ మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమి నాడు సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2014లో దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. తంగేడు, గునుగు ఈ పండుగకు మూలమైన పూలు. ఇవి చెలకలలో, బీళ్ళలో, గుట్టల వాలులో వాటంతట అవే మొలుస్తాయి. ఎవరూ నాటరు. 2014లోనే రాష్ట్ర పుష్పంగా గుర్తింపు పొందిన తంగేడును మెదక్ పరిసరాలలో మగవారు, పిల్లలు తెల్లవారుజామున వెళ్ళి కోసుకురావడం ఆనవాయితీ. పట్టణం అంచున ఉన్న బీళ్ళు ఇళ్ళస్థలాలుగా మారినకొద్దీ ఈ పూల కోసం నడిచే దూరం పెరిగింది. ఆ మేరకు బతుకమ్మ పేర్పులో పెరటి పూలైన బంతి, చామంతి, పట్టుకుచ్చుల వాటా కూడా పెరిగింది.

పేర్చే పని తెలిసినవారు బంతిని ఇష్టపడడానికి మరొక కారణం కలదు. తంగేడు కోసిన కొద్ది గంటలలోనే వాడుతుంది. బంతి మాత్రం చెట్టు మీద వారం పది రోజుల వరకు చెడకుండా నిలుస్తుంది, కోసిన తరువాత కూడా రెండు మూడు రోజులు ఉంటుంది. పైగా గుండ్రంగా, గట్టిగా ఉండుటచేత వరుస జారదు. తాంబాళంలో ఆకులు పరచి, వలయాలుగా పేర్చుతూ పైకి పోయేకొద్దీ సన్నం చేసేటప్పుడు మధ్య వరుసలకు బంతి బలమిస్తుంది. ఆరవ రోజు అలిగిన బతుకమ్మ అని పూలు పేర్చరు. చివరి రోజైన సద్దుల బతుకమ్మను అన్నింటికంటే పెద్దదిగా పేర్చుతారు. కనుక పెరటి తోటకు అసలు పరీక్ష ఆ రోజే.

విత్తే తేదీని లెక్కించడం

బంతి సాగు గురించి చెప్పే పుస్తకాలలో వానాకాలపు పంటకు జూన్, జూలై నెలలలో విత్తమని ఉంటుంది. పండుగ కోసం పెంచేవారికి ఇంత వెడల్పైన సూచన చాలదు. మెదక్ రైతుకు అలవాటైన కార్తెల లెక్క కూడా ఇక్కడ పూర్తిగా పనికిరాదు. కార్తెలు సూర్యుని గమనాన్ని బట్టి ఏర్పడినవి కావడంచేత మృగశిర ఏటా జూన్ రెండవ వారంలోనే వస్తుంది. బతుకమ్మ చాంద్రమానం ప్రకారం వచ్చే పండుగ. చాంద్ర సంవత్సరానికి సుమారు 354 రోజులు మాత్రమే ఉండుటచేత పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. అధిక మాసం వచ్చిన సంవత్సరంలో ఒక్కసారిగా వెనుకకు పోతుంది. మెక్సికోలో మృతుల పండుగకు పూలు పెంచే రైతుకు ఈ చిక్కు లేదు. అతడు ప్రతి సంవత్సరం ఒకే తేదీకి విత్తవచ్చును.

ఎంగిలిపూల బతుకమ్మ 2023లో అక్టోబరు 14న, 2024లో అక్టోబరు 2న, 2025లో సెప్టెంబరు 21న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉండుటచేత మహాలయ అమావాస్య అక్టోబరు 10న వస్తుంది. అంటే 2025కు, 2026కు మధ్య 19 రోజుల తేడా. ఒక సంవత్సరం సరిగ్గా కుదిరిన విత్తే తేదీని మరుసటి సంవత్సరం అలాగే పాటిస్తే తోట తప్పుతుంది.

అందుచేత అమావాస్య నుండి వెనుకకు లెక్కించడం ఉత్తమం. విత్తనం వేసిన తరువాత నారు ఎదగడానికి 30 రోజులు, నాటిన తరువాత తల తుంచేవరకు 25 రోజులు, తుంచిన తరువాత కొమ్మలు వచ్చి పూలు విచ్చడానికి 40 రోజులు, వెరసి సుమారు 95 రోజులు. ఈ లెక్కన 2024లో జూన్ 29, 2025లో జూన్ 18 విత్తవలసిన తేదీలు. 2026కు జూలై 7 అవుతుంది. మొదటిది ఆరుద్రలో, రెండవది మృగశిరలో, మూడవది పునర్వసులో పడుతున్నాయి. రకాన్ని బట్టి ఈ గడువు మారుతుంది. భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన పూసా నారంగి గేందా, పూసా బసంతి గేందా రకాలు విత్తిన తరువాత నాలుగు నెలలకు గాని పూతకు రావు. సంకర రకాలు అంతకంటె ముందే పూస్తాయి. కనుక విత్తనాల పొట్లంపై పూతకాలం చూసి లెక్క సరిచేసుకోవాలి. కొమ్మ కత్తిరింపులతో పెంచిన మొక్కలు విత్తన మొక్కల కన్నా త్వరగా పూస్తాయి.

పగటి వేళ ప్రభావం కూడా కొంత ఉన్నది. పెద్ద బంతి పగలు తగ్గుతున్నప్పుడు త్వరగా మొగ్గ తొడుగుతుంది. మెదక్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉండుటచేత జూన్ చివర పగలు 13 గంటలకు కాస్త ఎక్కువగా, డిసెంబరు చివర సుమారు 11 గంటలుగా ఉంటుంది. పండుగ సెప్టెంబరులోనే వచ్చిన సంవత్సరం మొక్క ఎదుగుదల ఎక్కువగా దీర్ఘమైన పగళ్ళలోనే సాగుతుంది. అటువంటప్పుడు విత్తనాన్ని మరొక నాలుగైదు రోజులు ముందే వేయడం మంచిది. పైగా ఆ సంవత్సరాలలో పండుగ నైరుతి వానలు ఇంకా వెనుదిరగకముందే వస్తుంది గనుక వాన దెబ్బ కూడా కాచుకోవాలి. అక్టోబరులో వచ్చే పండుగకు ఈ బెడద తక్కువ.

లెక్క తప్పినా కొంతవరకు దిద్దుకొనవచ్చును. ఆలస్యంగా విత్తినవారు తల తుంచడం మానితే సుమారు పది రోజులు కలసివస్తాయి, కాని పూల సంఖ్య తగ్గుతుంది. ముందుగా మొగ్గలు వచ్చిన తోటలో ఆ తొలి మొగ్గలను నిర్దాక్షిణ్యంగా గిల్లివేయాలి. చాలామందికి మనసొప్పదు గాని, వినాయక చవితికి ఉపయోగపడని పూవు బతుకమ్మ వరకు నిలవదు.

నేల, నారు

మెదక్ ప్రాంతంలో ఎర్ర చెలకలు, నల్లరేగడి రెండూ కనిపిస్తాయి. చెలకలో నీరు నిలవదు గనుక బంతికి అది అనుకూలమైనది. రేగడిలో వేళ్ళకు గాలి ఆడదు. అందులో పెంచదలచినవారు జానెడు ఎత్తు మడి కట్టి, కొంత ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలుపుకోవాలి. మంజీర నదిపై ఉన్న ఘనపురం ఆనకట్ట కాలువల కింది వరి భూములలో వానాకాలంలో బంతి రాదనే చెప్పాలి. అక్కడ గట్టుకు చేరువగా ఎత్తైన చోటునే ఎంచుకోవాలి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలని చోట మొక్క సన్నగా సాగి పూలు తగ్గుతాయి. ప్రహరీ గోడ నీడ ఏ వైపు పడుతుందో చూసుకొని మడి తీయడం మేలు.

విత్తనం నల్లగా సూదివలె ఉండి, ఒక కొసన తెల్లని కుచ్చు కలిగి ఉంటుంది. నారుమడిలో వేలెడు ఎడంగా గీతలు గీసి, అర సెంటీమీటరుకు మించని లోతులో చల్లి, పైన సన్నని మట్టి కప్పాలి. 5 నుండి 7 రోజులలో మొలకలు కనిపిస్తాయి. జూన్, జూలై వానలకు నారుమడిలో నీరు నిలిస్తే మొలకలు నేల దగ్గర మెత్తబడి ఒక్క రాత్రిలో పడిపోతాయి. దీనినే నారుకుళ్ళు అంటారు. మడిని ఎత్తుగా చేయడం, ఒత్తుగా చల్లకపోవడం, ట్రైకోడెర్మా కలిపిన ఎరువు వాడడం దీనికి నివారణ. పెద్ద వానప్పుడు మడిపై గడ్డి గాని సన్నని తెర గాని కప్పి, వాన వెలియగానే తీసివేయాలి. కుండీలలో, పాత డబ్బాలలో నారు పెంచేవారు అడుగున రంధ్రాలు ఉండేటట్లు చూసుకుంటే సరిపోతుంది.

నాటడం, తల తుంచడం

నాలుగైదు ఆకులు వచ్చి జానెడు ఎత్తు ఎదిగిన నారును సాయంకాలం నాటాలి. పెద్ద బంతికి మొక్కకు మొక్కకు 45 సెంటీమీటర్ల దూరం అవసరం. పొట్టి రకాలకు 30 సెంటీమీటర్లు చాలును. దగ్గరగా నాటితే తోట త్వరగా నిండినట్లు కనిపిస్తుంది గాని, వానాకాలంలో గాలి ఆడక ఆకుమచ్చ తెగులు వ్యాపిస్తుంది.

తల తుంచడం ఈ పెంపకంలో అతి ముఖ్యమైన పని. నాటిన సుమారు 25 రోజులకు, నడిమి కాండం చివర మొగ్గ కనిపించకముందే, కొసను రెండు వేళ్ళతో గిల్లివేయాలి. అంతవరకు కొసకు పోతున్న బలం పక్క కణుపులకు మళ్ళి ఆరు నుండి పది వరకు కొమ్మలు వస్తాయి. తుంచని మొక్కకు ముందు నడిమధ్యన ఒక పెద్ద పూవు, తరువాత వంతులవారీగా పక్క పూలు పూస్తాయి. తుంచిన మొక్కకు అన్ని కొమ్మలూ ఇంచుమించు ఒకేసారి పూస్తాయి. దండ కోసం నెల రోజులపాటు కొన్ని కొన్ని పూలు కావలసినవారికి మొదటి పద్ధతి నయం. బతుకమ్మకు ఒకేసారి గంపెడు పూలు కావాలి గనుక రెండవదే తగినది.

కొమ్మలు వచ్చిన తరువాత మొదలుకు మట్టి ఎగదోసి, పక్కన వెదురు పుల్ల పాతి వదులుగా కట్టాలి. ఆగస్టు, సెప్టెంబరు వానలకు ముద్దబంతి రేకుల మధ్య నీరు చేరి పూవు బరువెక్కుతుంది, కొమ్మ మొదలు దగ్గర చీలుతుంది. వాన వెలిసిన వెంటనే కొమ్మలను మెల్లగా కదిపి నీటిని రాల్చడం చిన్న పనే అయినా చాలా పూలను కాపాడుతుంది. అలా చేయని పూలు రెండు రోజులలో లోపలి నుండి గోధుమ రంగుకు తిరిగి కుళ్ళుతాయి.

నీరు, ఎరువు

వానలు పడుతున్నంత కాలం ప్రత్యేకంగా నీరు పెట్టనవసరం లేదు. వారం రోజులు వాన లేకపోతే మొదట్లో పోయాలి. మొగ్గ దశలో నేల పూర్తిగా ఎండితే పూవు చిన్నదవుతుంది. ఎరువు విషయంలో అతి చేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు. యూరియా ఎక్కువైతే మొక్క నడుము ఎత్తు పెరిగి నల్లని పచ్చదనంతో నిగనిగలాడుతుంది, పూత మాత్రం వెనుకపడుతుంది. తేదీ లెక్క చూసుకొని పెంచేవారికి ఇది పెద్ద నష్టం. పెరటిలో నాటేముందు మొక్కకు రెండు గుప్పిళ్ళ మాగిన ఎరువు, తల తుంచిన తరువాత ఒక గుప్పెడు వేపపిండి సరిపోతాయి.

తెగుళ్ళు, పురుగులు

వానాకాలంలో మొదలు కుళ్ళు, ఆకుమచ్చ తెగులు ప్రధానమైనవి. మొదలు కుళ్ళిన మొక్క తడి ఉన్నా వాడి వేలాడుతుంది. దానిని వేరుతో పీకి దూరంగా పారవేసి, ఆ చోట లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయాలి. అక్టోబరు తరువాత చలి మొదలైనప్పుడు ఆకులపై బూడిద తెగులు కనిపించవచ్చును. వేసవిలో ఎర్రనల్లి ఆకుల అడుగున చేరి గూడు అల్లుతుంది. ఆకు అడుగు తడిసేటట్లు గట్టిగా నీరు చిమ్మడం, వేపనూనె చల్లడం పెరటి తోటకు సరిపోయే ఉపాయాలు.

శనగపచ్చ పురుగు మొగ్గలను తొలిచి తింటుంది. బంతిపై ఈ పురుగుకు ఉన్న మక్కువను వ్యవసాయ శాస్త్రజ్ఞులు టమాటా రైతుకు మేలుగా మలచారు. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ సిఫారసు ప్రకారం ప్రతి 16 వరుసల టమాటాకు ఒక వరుస బంతి ఎర పంటగా వేయాలి. ఇక్కడ కూడా కాలం కుదరడమే కీలకం. 25 రోజుల టమాటా నారుతో పాటు 40 రోజులు దాటిన బంతి నారును నాటితేనే రెండూ ఒకేసారి పూతకు వచ్చి, తల్లి పురుగు బంతిపై గుడ్లు పెడుతుంది. ఆ పురుగులను ఏరివేయకుండా వదిలితే బంతి వరుస ఎరగా కాక పురుగుల పెంపకశాలగా మారుతుంది. పూజకు పెంచే పూలను ఎరగా వాడడం కుదరదు, వేరుగా వేసుకోవాలి.

బంతి వేళ్ళలో ఆల్ఫా టెర్తియెనిల్ అనే పదార్థం ఉంటుంది. ఇది వేరుబుడిపెలు కలిగించే నులిపురుగులను అణచివేస్తుంది. కాని నాలుగు మొక్కలు అక్కడక్కడ నాటినంత మాత్రాన మడి శుభ్రపడదు. ఒక పంటకాలం మడి అంతటా ఒత్తుగా బంతి వేసినప్పుడే ఫలితం కనిపిస్తుంది. వంకాయ, టమాటా, బెండ వేసి నులిపురుగు పట్టిన మడిలో పండుగ బంతి వేసుకుంటే రెండు పనులూ నెరవేరతాయి.

పూలు కోయడం

పూలను తెల్లవారిన తరువాత మంచు ఆరాక గాని, సాయంకాలం గాని కోయాలి. తడి పూలను గంపలో పోస్తే వేడెక్కి నల్లబడతాయి. బతుకమ్మ పేర్చడానికి తొడిమ వేలెడు పొడవున ఉండేటట్లు కోయడం వాడుక. దండకు తొడిమ అక్కరలేదు. ఎంగిలిపూల బతుకమ్మ అనే పేరుకు ఉన్న వివరణలలో ఒకటి, ముందురోజే పూలు కోసి నీటిలో వేసి మరునాడు పేర్చుతారన్నది. బంతి విషయంలో ఇది ఆచరణకు కూడా అనువైనదే. తొడిమలు మునిగేటట్లు నీటిలో ఉంచి పైన తడిగుడ్డ కప్పితే పూవు మరునాటికి బిరుసుగా ఉంటుంది. మొదటి రోజులలో బాగా విచ్చిన పూలను మాత్రమే కోసి, సగం విచ్చినవాటిని చెట్టుపైనే ఉంచితే సద్దుల నాటికి నిండు పూలవుతాయి.

అమ్మకానికి పెంచేవారి బాధ మరొక విధమైనది. హైదరాబాదులోని గుడిమల్కాపూర్ మార్కెట్ వంటి చోట్ల బంతి ధర పండుగకు ముందు పెరిగి, దసరా దాటగానే పడిపోతుంది. ఆ తరువాత దీపావళి వరకు, అనగా సుమారు 20 రోజులు, కోత కూలి కూడా రాని పరిస్థితి ఏర్పడవచ్చును. అందుకే అనుభవం గలవారు తోటనంతా ఒకేసారి వేయక, సగం దసరాకు, సగం 20 రోజుల తేడాతో దీపావళికి విత్తుతారు.

విత్తనం దాచుకోవడం

సంకర ముద్దబంతి నుండి తీసిన విత్తనం తల్లి మొక్కను పోలి ఉండదు. కొన్ని ఒంటిరేకువి, కొన్ని పొట్టివి వస్తాయి. ముద్దపూలలో పుప్పొడి గల మధ్య పూలు తక్కువగా ఉండుటచేత విత్తనం కూడా తక్కువే కడుతుంది. నాటు రకాలలో ఈ చిక్కు లేదు. మంచి మొక్కపై రెండు మూడు పూలను కోయకుండా వదిలి, తొడిమతో సహా గోధుమ రంగుకు తిరిగాక తెంపి, నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టి పెట్టాలి. పూజ పూలన్నీ కోసి చివర మిగిలిన పేలవమైన పూల నుండి విత్తనం తీసే అలవాటు చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. ఏటేటా పూవు చిన్నదైపోవడానికి ఇది ఒక కారణం. విత్తనం మొలకశక్తి ఒక సంవత్సరం వరకు బాగుంటుంది, రెండవ సంవత్సరానికి బాగా తగ్గుతుంది. పొట్లంపై రకంతో పాటు విత్తిన తేదీ, మొదటి పూవు విచ్చిన తేదీ కూడా రాసి ఉంచితే ఆ ఇంటి నేలకు ఎన్ని రోజులు పడుతుందో తెలుస్తుంది. 95 రోజుల లెక్కను దాని ప్రకారం సవరించుకొని, కొత్త పంచాంగంలో మహాలయ అమావాస్య చూసి తరువాతి సంవత్సరపు విత్తే తేదీని నిర్ణయించవచ్చును.

ఇతర కాలాలు

సెప్టెంబరు చివర విత్తిన బంతి క్రిస్మస్‌కు, సంక్రాంతి గొబ్బెమ్మలకు అందుతుంది. మెదక్ కెథడ్రల్‌లో 1924 డిసెంబరు 25న మొదటి ప్రార్థన జరిగిన నాటి నుండి క్రిస్మస్‌కు పట్టణానికి యాత్రికులు వస్తూనే ఉన్నారు. ఆ రోజులలో కూడా పూలకు గిరాకీ ఉంటుంది. నవంబరులో విత్తినది మహాశివరాత్రికి జరిగే ఏడుపాయల జాతర నాటికి పూస్తుంది. చలికాలపు బంతికి వాన భయం లేదు, పూవు రంగు కూడా చిక్కగా ఉంటుంది. నిజానికి మొక్క స్వభావానికి ఇదే అనువైన కాలం. ఎండలు 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలలలో పూలు చిన్నవై రేకులు వడలుతాయి. బావి నీరు పుష్కలంగా ఉన్నవారు తప్ప ఆ కాలంలో బంతి వేయరు.